బండ ఎంత దూరం పోయింది?

"ఎన్ని కేజీలు ఏసుకోవాల సార్?"

పోలీసు సెలక్షన్లకు తయారయ్యే కుర్రవాడు అడిగినా, కబడ్డీ ఆడే అమ్మాయి అడిగినా ప్రశ్న ఇదే. దేవనకొండ చుట్టుపక్కల పల్లెల నుంచి ఆదోనికో ఎమ్మిగనూరుకో పోయి జిమ్‌లో చేరిన పిల్లలకు మొదటి రోజే ఈ సందేహం వస్తుంది. ఇనుప రాడ్డు ముందర ఉంది, పక్కన ప్లేట్లున్నాయి. ఎన్ని తగిలించాలి? పక్కవాడు ఎనభై ఎత్తుతున్నాడు కాబట్టి మనమూ ఎనభై ఎత్తాలా? నిన్న అరవై ఎత్తాం కాబట్టి ఈ రోజు అరవై అయిదు వేసుకోవాలా?

ఈ ప్రశ్నకు క్రీడాశాస్త్రం కొన్నేళ్లుగా ఒక కొత్త దారిలో జవాబు వెతుకుతోంది. కిలోల సంగతి తర్వాత, ముందు రాడ్డు ఎంత వేగంగా పైకి లేస్తోందో చూడు అంటుంది. కోచ్‌లు దీన్ని వెలాసిటీ బేస్డ్ ట్రైనింగ్ అంటారు. మనం 'వేగం చూసి సాధన' అని పిలుచుకుందాం.

పడమటి కర్నూలు వాళ్లకు ఈ ఆలోచన పరాయిది కాదు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలోనో, ఉగాదికి ఏదైనా ఊళ్లోనో బండలాగుడు పోటీలు చూసినవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోండి. ఎద్దులను పళ్లు చూసి విడదీస్తారు: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి. ఒక్కో వర్గానికి ఒక బండ. ఆ వర్గంలో ఏ జత బరిలోకి దిగినా అదే బండ, అవే నిమిషాలు. టైము అయిపోయేసరికి బండ ఎన్ని అడుగులు పోయిందో టేపు పట్టి కొలుస్తారు, అంగుళాలు కూడా వదలరు. మరుసటి రోజు టీకొట్టు దగ్గర "ఆ జత ఎంత బరువు లాగింది?" అని ఎవరూ అడగరు. బండ అందరికీ ఒకటే కదా. "ఎన్ని అడుగులు లాగినాయి?" అనే అడుగుతారు. బరువును కదలనివ్వకుండా, సమయాన్ని కదలనివ్వకుండా పెట్టి దూరం కొలిస్తే తేలేది వేగం. ఆ వేగంలోనే ఎద్దుల సత్తువ బయటపడుతుంది.

ఎద్దులు పెంచిన రైతు టేపు వచ్చేదాకా ఆగడు కూడా. మలుపు తిరిగి వచ్చేటప్పుడు బండ ఏ మాత్రం నెమ్మదించినా తన జత అలిసిందని కనిపెడతాడు. అంటే ఆయన వేగంలో రెండు సంగతులు చదువుతున్నాడు: సత్తువ ఎంతుంది, అలసట ఎంత పట్టింది. జిమ్‌లో రాడ్డును చూసి మనం చదవాల్సినవీ ఆ రెండే.

తేరు తాడు మీద చేతులు

బరువు పెరిగితే రాడ్డు ఎందుకు నెమ్మదిస్తుంది? "బరువు కాబట్టి" అంటే సగం జవాబే అవుతుంది. మిగతా సగం కండ లోపల ఉంది.

1938లో లండన్‌లో ఏ. వి. హిల్ అనే శాస్త్రవేత్త కప్ప తొడలోని ఒక కండను తీసుకుని, దానికి తక్కువ బరువులూ ఎక్కువ బరువులూ కట్టి, అది ఎంత వేగంగా ముడుచుకుంటుందో కొలిచాడు. కండల మీద చేసిన పనికే 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిలో వాటా పొందినవాడాయన. బరువు పెరిగేకొద్దీ ముడుచుకునే వేగం తగ్గింది. ఆ తగ్గడం ఇష్టం వచ్చినట్టు కాకుండా ఒక వంపు గీత ప్రకారం జరిగింది. కప్పలో కనబడిన ఆ లక్షణం మనిషి కండలోనూ ఉంది.

ఎందుకలా? జాతర రోజు తేరు తాడును ఊహించుకోండి. వందలమంది తాడు పట్టుకున్నారు. తేరు ఇంకా కదలలేదు, లేదా అంగుళం అంగుళం జరుగుతోంది. అప్పుడు ప్రతి చెయ్యీ తాడు మీద గట్టిగా బిగిసి ఉంటుంది. లాగే బలం అంతా అందుతుంది. ఇప్పుడు తేరు దొర్లడం మొదలుపెట్టింది. తాడు వదులవుతోంది, జనం పట్టు వదిలి ముందుకు జరిగి మళ్లీ పట్టుకోవాలి. ఏ క్షణంలో ఫోటో తీసినా కొన్ని చేతులు తాడు మీద, కొన్ని గాలిలో. వేగం పెరిగేకొద్దీ గాలిలో ఉన్న చేతులు పెరుగుతాయి. మనుషులు అంతే ఉన్నా లాగుడు తగ్గుతుంది.

కండలో జరిగేది చాలావరకు ఇదే. కండ నిండా సన్నని తీగలు, లావు తీగలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మయోసిన్ అనే ప్రొటీనుతో అయిన లావు తీగకు వందలకొద్దీ బుల్లి తలలుంటాయి. వాటిని పట్టుచేతులు అందాం. ఇవి సన్న తీగను పట్టుకుని, లాగి, వదిలి, మళ్లీ పట్టుకుంటాయి. బరువు ఎక్కువైతే కండ నెమ్మదిగా ముడుచుకుంటుంది, ఎక్కువ చేతులు పట్టులో ఉంటాయి, బలం ఎక్కువ వస్తుంది. బరువు తక్కువైతే తీగలు వేగంగా జారతాయి, పట్టులో ఉన్న చేతులు తక్కువ, బలమూ తక్కువ. బలం, వేగం ఒకే తక్కెడకు రెండు సిబ్బెలు.

ఇంకొకటి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. మన నాడులు కండలోని పోగులన్నిటినీ ఒకేసారి పిలవవు. చిన్న పనికి చిన్న, నెమ్మది పోగులనే పిలుస్తాయి, పని పెద్దదయ్యేకొద్దీ పెద్ద, వేగమైన పోగులను దించుతాయి. చిన్నవి ముందు, పెద్దవి తర్వాత అనే ఈ వరసను అమెరికాలో ఎల్వుడ్ హెన్నెమన్ పిల్లుల నాడుల మీద పనిచేసి 1957 నుంచి వివరంగా చూపించాడు. పెద్ద పోగులను పిలిపించుకోవడానికి రెండు దారులున్నాయి. బరువైనా ఎక్కువుండాలి, లేదా తక్కువ బరువునే ప్రాణం పెట్టి వేగంగా నెట్టాలి. ఆటగాళ్లకు కావలసింది ఆ పెద్ద పోగులే. అందుకే ఈ పద్ధతిలో మొదటి నియమం ఇది: దిగేటప్పుడు నిదానంగా దిగు, లేచేటప్పుడు మాత్రం రాడ్డు మీద ఎంత బరువున్నా నీ శక్తికొద్దీ వేగంగా లేవు. ఈ నియమం తప్పితే తర్వాత చెప్పబోయే కొలతలన్నీ అబద్ధాలవుతాయి. బద్ధకంగా ఎత్తిన నలభై కిలోలు కష్టపడి ఎత్తిన ఎనభై కిలోలలాగే కనబడతాయి మరి.

కొసబరువు, కొసవేగం

ఎవరికైనా ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎత్తగలిగిన బరువు ఒకటుంటుంది. జిమ్‌లో మాక్స్ అంటారు. మనం కొసబరువు అందాం. పాత పద్ధతి అంతా దీని మీదే నడుస్తుంది. కొసబరువు వంద అయితే సోమవారం డెబ్భై శాతం, గురువారం ఎనభై శాతం అని నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటారు. చెడ్డ పద్ధతేమీ కాదు, ఎందరో గొప్ప ఆటగాళ్లు దానితోనే తయారయ్యారు.

అయితే ఒక చిక్కుంది. కొసబరువు రోజూ ఒకటే ఉండదు. రాత్రి కరెంటు వచ్చే వేళకు పొలానికి పోయి మోటారు వేసి, తెల్లారి జిమ్‌కు వచ్చిన పిల్లవాడి కొసబరువు నిన్నటిది కాదు. మే నెల ఎండలో ఆదోనికి బస్సులో నిలబడి వచ్చిన అమ్మాయిది పోయిన వారంది కాదు. మా ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలలో కోతకు నెలల తరబడి ఊరు విడిచి ఉంటాయి. పిల్లలూ వెంట పోతారు. తిరిగి వచ్చాక ఆ పిల్లవాడు నోట్‌బుక్ తెరిచి జనవరిలో రాసుకున్న ఎనభై శాతం వేసుకుంటే, అది ఇప్పటి ఒంటికి తొంభై శాతమో ఇంకా ఎక్కువో అవుతుంది. నడుము పట్టేసేది అలాంటి రోజునే. ఈ పిల్లల కోసమే నాకు ఈ పద్ధతి మీద ఇంత పట్టింపు.

పత్తి అమ్మే రైతుకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. కాటా మీద క్వింటా ఎప్పుడూ క్వింటానే. కానీ తేమ ఎంతుందో చూడకుండా ఆ క్వింటాలో పత్తి ఎంతో చెప్పలేరు. రాడ్డు మీద కిలోలు కాటా చూపే అంకె. ఒంట్లో ఈ పూట సత్తువ ఎంతో చూసే తేమ మీటరు లాంటిది వేగం.

2010లో స్పెయిన్‌కు చెందిన గొన్సాలెస్ బదిల్యో, సాంచెస్ మెదీనా అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని అంకెల్లో చూపించారు. బలసాధన అలవాటున్న నూట ఇరవైమంది యువకులతో బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని రాడ్డును పైకి నెట్టడం) చేయించి, తక్కువ బరువు నుంచి కొసబరువు దాకా ప్రతిసారీ రాడ్డు వేగం కొలిచారు. కొసబరువులో ఎన్నో వంతు ఎత్తుతున్నారనేది వేగం చూసి చెప్పేయవచ్చని తేలింది. అంతకంటే ముఖ్యమైనది తర్వాత తెలిసింది. వారిలో యాభై ఆరుగురిని ఆరు వారాల సాధన తర్వాత మళ్లీ పరీక్షిస్తే కొసబరువు సగటున తొమ్మిది శాతానికి పైగా పెరిగింది, కానీ ఒక్కో వంతుకు ఉండే వేగం దాదాపు మారలేదు. మనిషి బలపడ్డాడు, అతని ఎనభై శాతం ఇప్పుడు ఎక్కువ కిలోలు, అయినా ఆ ఎనభై శాతం లేచే వేగం మాత్రం పాతదే.

కొసబరువు కూడా ఒక తెలిసిన వేగంతోనే లేస్తుంది. దాన్ని కొసవేగం అందాం. స్క్వాట్‌లో, అంటే రాడ్డు భుజాన పెట్టుకుని కూర్చుని లేవడంలో, అది సెకనుకు సుమారు 30 సెంటీమీటర్లు, బెంచ్ ప్రెస్‌లో ఇంకా తక్కువ, 17 సెంటీమీటర్ల దగ్గర. అంతకంటే నెమ్మదిస్తే రాడ్డు మధ్యలో నిలిచిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క తేలిగ్గా ఉండడానికి నేను పెట్టుకున్నవి. ఒక కుర్రవాడు స్క్వాట్‌లో 40 కిలోలను సెకనుకు 90 సెంటీమీటర్ల వేగంతో ఎత్తాడు. 60 కిలోలకు వేగం 70కి దిగింది. 80 కిలోలకు 50. ప్రతి ఇరవై కిలోలకూ వేగంలో ఇరవై పోతోంది. ఇలాగే పోతే వేగం 30కి వచ్చేది ఎక్కడ? 100 కిలోల దగ్గర. అతను వంద కిలోలు భుజాన వేసుకోకుండానే అతని కొసబరువు వంద అని తెలిసిపోయింది. పరీక్ష పేరుతో ఎవరి వెన్నూ విరగలేదు.

వారం తర్వాత అతను మళ్లీ వచ్చాడు. ఒళ్లు వేడెక్కడానికి అదే 60 కిలోలు ఎత్తాడు. ఎప్పుడూ 70తో లేచేది ఈ రోజు 64తో లేచింది. ఆరు సెంటీమీటర్ల తేడా. అతని గీత ప్రకారం ఒక సెంటీమీటరు ఒక కిలో, కాబట్టి ఈ రోజు అతని కొసబరువు 94 దగ్గర ఉన్నట్టు. నోట్‌బుక్‌లో 80 కిలోలు అని రాసి ఉంటే ఈ పూటకు 75 చాలు. ఇంకో రోజు అదే 60 కిలోలు 76తో లేస్తే ఆ రోజు ఇంకో ప్లేటు ధైర్యంగా వేసుకోవచ్చు.

కొసబరువు అంచనా గ్రాములతో సహా సరిగ్గా వస్తుందనుకోకూడదు. తర్వాతి పరిశోధనల్లో, ముఖ్యంగా స్క్వాట్ లాంటి పెద్ద ఎత్తుల్లో, కొన్ని కిలోల తేడా కనబడింది. ఒకరి గీత ఇంకొకరికి పనికిరాదు కూడా. పొడుగు కాళ్లవాడికి, పొట్టివాడికి వేగాలు వేరు. నిన్నటి నన్ను, ఈ రోజు నన్ను పోల్చుకోవడానికే ఈ కొలత బాగా పనిచేస్తుంది.

తరుగు ఎంత పోనివ్వాలి?

మార్కెట్‌లో తరుగు అంటే ఏమిటో మనకు తెలుసు. సాధనలోనూ తరుగు ఉంది. మొదటి ఎత్తు వేగం 70 అనుకోండి. రెండోది 69, మూడోది 66, అలా అలిసేకొద్దీ పడిపోతూ ఉంటుంది. మొదటి వేగం నుంచి ఎంత శాతం పోయిందో అదే వేగపు తరుగు.

"పది సార్లు చెయ్" అని ఇద్దరికి చెబితే ఒకడికి పదోసారి కూడా సులువుగా లేస్తుంది, ఇంకొకడు ఆరోసారికే వణుకుతాడు. నోట్‌బుక్‌లో ఇద్దరిదీ పదే. తరుగు చూస్తే తేడా కనబడుతుంది. అందుకే లెక్కపెట్టే పద్ధతి మారింది. పదిసార్లు అనకుండా "తరుగు ఇరవై శాతం దాటగానే రాడ్డు దించు" అంటారు. 70తో మొదలుపెట్టినవాడు 56కు పడిపోగానే ఆపుతాడు. అది ఎన్నోసారైనా సరే.

ఇరవై శాతమే ఎందుకు? ఇంకాస్త కష్టపడితే ఇంకాస్త బలం రాదా? జిమ్‌లో "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని అరిచేవాళ్లంతా నమ్మేది ఇదే. 2017లో స్పెయిన్‌లోనే పరేహా బ్లాంకో, అతని సహచరులు దీన్ని తేల్చడానికి ఒక ప్రయోగం ప్రచురించారు. యువకులను రెండు జట్లు చేసి ఎనిమిది వారాలు స్క్వాట్ చేయించారు. బరువులు ఒకే లెక్క. ఒక జట్టు తరుగు ఇరవై శాతం కాగానే ఆపింది. రెండో జట్టు నలభై శాతం దాకా, అంటే చాలాసార్లు కాళ్లు సహకరించనంతదాకా, చేసింది. మొదటి జట్టు చేసిన మొత్తం ఎత్తులు రెండో జట్టు చేసినవాటిలో సుమారు అరవై శాతమే.

ఎనిమిది వారాల చివర స్క్వాట్ బలం రెండు జట్లకూ దాదాపు ఒకేలా పెరిగింది. నిలబడి పైకెగిరే ఎత్తు మాత్రం తక్కువ చేసిన జట్టుకు 9.5 శాతం పెరిగితే, ఎక్కువ చేసిన జట్టుకు 3.5 శాతమే పెరిగింది. ఎక్కువ చేసినవాళ్ల తొడలు మరింత లావెక్కాయి, నిజమే. కానీ వాళ్ల కండలో అన్నిటికంటే వేగమైన రకం పోగుల వాటా తగ్గింది. కండ పెరగాలన్నదే కోరికైతే నలభై దాకా పోవచ్చు. పరుగెత్తాలి, దూకాలి, పట్టు విడిపించుకుని గీత దాటాలి అనుకునేవాళ్లకు ఆ అదనపు చెమట లాభం తేకపోగా రావాల్సిన వేగంలో కొంత తినేసింది.

సాయంత్రానికి ఒళ్లు హూనమైతేనే సాధన జరిగినట్టని నమ్మే కోచ్‌లకు ఇది మింగుడుపడదు. పొద్దున చేలో పనిచేసి, సాయంత్రం మైదానానికి వచ్చే పిల్లలున్న చోట ఆ నమ్మకం వల్ల జరిగే నష్టం మరీ ఎక్కువ. అరవై శాతం పనితోనే అదే బలం వస్తుందంటే, మిగతా ఓపిక పరుగుకో ఆటకో మిగులుతుంది కదా.

సెకనులో పదో వంతు

మన రాష్ట్రంలో పోలీసు కానిస్టేబులు దేహదారుఢ్య పరీక్షలో నూరు మీటర్ల పరుగు, లాంగ్ జంప్ ఉంటాయి. వాటికీ రాడ్డు వేగానికీ సంబంధం ఏమిటి?

బాగా పరుగెత్తేవాళ్ల పాదం పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఒక్కో అడుగుకు నేల మీద ఉండేది సెకనులో పదో వంతు. లాంగ్ జంప్‌లో పలక మీద కాలు నిలిచేదీ దాదాపు అంతే. కండ తన పూర్తి బలాన్ని బయటికి తీయడానికేమో సెకనులో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అంటే ఎంత బలమున్నా అది బయటికి వచ్చేలోపు పాదం గాల్లోకి లేచిపోతుంది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో నూరు మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించింది. పది హర్డిల్స్ దాటుతూ! ఆ పరుగులో ప్రతి అడుగూ ఆ పదో వంతు సెకనులో ఎంత బలం నేలకు దించగలిగిందనే దాని మీదే ఆధారపడింది. అలాంటివాళ్లకు రెండు వందల కిలోలు మెల్లగా ఎత్తడం కంటే, అందులో సగాన్ని ఎంత వేగంగా ఎత్తుతున్నారన్నది ముఖ్యం.

వెయిట్‌లిఫ్టింగ్ చూసినా ఇంతే. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. స్నాచ్ అంటే రాడ్డును నేల మీది నుంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం. దాన్ని నెమ్మదిగా చేయడం ఎవరివల్లా కాదు. మేటి లిఫ్టర్ల చేతిలో రాడ్డు వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లు దాటి రెండు మీటర్ల దగ్గరికి పోతుంది. 1.7 మీటర్ల వేగం అందుకున్న రాడ్డు, లాగడం ఆపేసినా తన ఊపు మీద ఇంకో 15 సెంటీమీటర్లు పైకి పోతుంది. ఆ రెప్పపాటులోనే లిఫ్టర్ కిందికి దూరి చేతులు చాచాలి. కాబట్టి స్క్వాట్‌కు చెప్పిన 30 సెంటీమీటర్ల కొసవేగాన్ని స్నాచ్‌కు వాడకండి. స్నాచ్‌లో రాడ్డు అంత నెమ్మదించే ముందే ప్రయత్నం చేజారిపోతుంది.

దారం, సెల్‌ఫోను

వేగం కొలిచే అసలు యంత్రం చాలా సాదాది. నేల మీద ఒక డబ్బా, అందులో ఉండకు చుట్టిన దారం. దారం కొసను రాడ్డుకు కడతారు. రాడ్డు లేస్తే దారం విప్పుకుంటుంది, ఉండ ఎంత వేగంగా తిరిగిందో డబ్బా లెక్కగట్టి తెర మీద చూపిస్తుంది. ఎమ్మిగనూరు నేతకారుల ఇంట్లో పెరిగిన పిల్లలకు దారం, ఉండ, తిరుగుడు గురించి చెప్పాల్సిన పనేముంది? దారం లేకుండా రాడ్డుకు తగిలించే చిన్న పరికరాలూ వచ్చాయి. ఇవి ఖరీదైనవి. పల్లె పిల్లలకు అందవు.

సెల్‌ఫోను అందుతుంది. మామూలు వీడియో సెకనుకు ముప్పై బొమ్మలు తీస్తుంది. చాలా ఫోన్లలో స్లోమోషన్ పెడితే 120 గానీ 240 గానీ తీస్తుంది. ఫోన్‌ను పక్కన, రాడ్డు ఎత్తులో, కదలకుండా పెట్టండి. టైలరు టేపుతో రాడ్డు కింది నుంచి పై దాకా ఎంత దూరం లేస్తుందో ఒకసారి కొలిచి రాసుకోండి. 50 సెంటీమీటర్లు అనుకుందాం. తర్వాత వీడియోను ఒక్కో బొమ్మా జరుపుతూ, లేవడం మొదలైనప్పటి నుంచి నిటారుగా నిలిచేదాకా ఎన్ని బొమ్మలో లెక్కపెట్టండి. 240 బొమ్మల వీడియోలో 240 వస్తే ఒక సెకను పట్టింది, వేగం 50. 171 వస్తే వేగం 70. మామూలు ముప్పై బొమ్మల వీడియోలో వేగమైన ఎత్తుకు పదిహేను బొమ్మలే వస్తాయి. ఒక్క బొమ్మ తప్పుగా లెక్కపెట్టినా ఏడు శాతం తేడా వస్తుంది. అందుకే స్లోమోషన్ మేలు. ప్రతిసారీ ఒకే లోతుకు దిగాలి. లోతు మారితే దూరం మారి లెక్క చెడుతుంది. వెనక ఒక తోడు తప్పకుండా ఉండాలి.

ఉగాది దాటాక సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లవాడు నోట్‌బుక్‌లో పాత పేజీ తీస్తాడు. 40కి ఎదురుగా 90, 60కి ఎదురుగా 70 అని రాసి ఉంటుంది. ముందు 40 వేసుకుని, ఫోను స్నేహితుడి చేతికిచ్చి, రెండుసార్లు పూర్తి ఊపుతో లేచి చూడాలి. 82 వచ్చిందా, ఆ పక్కనే ఈ రోజు తేదీ వేసి 82 అని రాయాలి. 60కి ఇంకా రెండు రోజులు ఆగవచ్చు.